పిల్లల వ్రాతలకు భాండాగారము

వేసవి సెలవులకు ముందు మన పాఠశాలలలో జరుగు తూకమును చూచినవారికి తెలియును: ఏడాది పొడవునను పిల్లలు వ్రాసిన వ్యాసములు, గీసిన పటములు, ప్రాజెక్టుల పేర చార్టులపై అంటించిన బొమ్మలు, అన్నియు పాత వార్తాపత్రికలతో కలిసి కిలోల లెక్కను పాతకాగితముల వర్తకుని గోనెలోనికి పోవును. మార్కుల రిజిస్టరును ఇనుపబీరువాలో పెట్టి తాళము వేయు పాఠశాల, ఆ మార్కులకు మూలమైన వ్రాతను మాత్రము నిలుపుకొనదు. అట్టి వ్రాతలలో ఎన్నదగినవానిని కంప్యూటరులో భద్రపరచుటకు ఒక వ్యవస్థను రూపొందించి యిమ్మని యొక పాఠశాలవారు నన్ను కోరినపుడు, వారడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని టెరాబైట్ల సర్వరు కొనవలెనని. ఈ వృత్తిలో నున్నవారిని అందరును అడుగునది యిదే. నా దృష్టిలో అన్నిటికంటె తక్కువ విలువగల ప్రశ్నయు నిదే.

లెక్క చూడుడు. ఏ4 కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున రంగులలో స్కాను చేసి కుదించినచో ఇంచుమించు ఒక మెగాబైటగును. 600 మంది పిల్లలున్న పాఠశాలలో ఒక్కొక్కరివి ఏటికి 20 వ్రాతలు, వ్రాతకు 4 పుటలు అనుకొన్నను మొత్తము 48,000 పుటలు, అనగా 48 గిగాబైట్లు. పదేండ్లకు అర టెరాబైటు నిండదు. మూడు గంటల వార్షికోత్సవపు వీడియో ఒక్కటే పది గిగాబైట్లు దాటును, అందులో సగము ముఖ్య అతిథి ఉపన్యాసమే యుండును! చోటు సమస్య కాదు. ఇరువదియేండ్ల తరువాత ఎవరో వచ్చి తన ఏడవ తరగతి వ్యాసమును అడిగినపుడు దానిని తీసి యీయగలమా యన్నదే సమస్య. ఆ రాబోవువానిని మనసులో నిలుపుకొని, అచ్చటినుండి వెనుకకు నడచుచు యంత్రమును రూపొందింపవలెను గాని, యంత్రమును కొని దానికి తగిన పనిని వెదకరాదు.

రెండు డిస్కులను జతచేసి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను తత్క్షణమే పడునట్లు చేయు రెయిడ్ పద్ధతి, 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పత్రముతో ప్రసిద్ధికెక్కినది. డిస్కు చెడిపోయినపుడు అది ఆదుకొనును. కాని ఉపాధ్యాయుడొకడు పొరపాటున ఒక ఫోల్డరును చెరిపినచో, అదే విధేయతతో రెండవ డిస్కులోను చెరుపును. కనుక మూడు ప్రతులుండవలెను: సర్వరులో నొకటి, దానికి ఎల్లప్పుడు తగిలింపక వేరుగా నుంచు డిస్కులో నొకటి, మరియొక ఊరిలో నొకటి. ఊరు మారవలెననుటకు కారణము చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరులో విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుపానును, 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరును ఎరిగినవారము. ప్రధానోపాధ్యాయుని ఇల్లు బడికి రెండు వీధుల అవతల నున్నచో, అచ్చటి ప్రతి దూరపు ప్రతి కానేరదు.

ప్రతులున్నంత మాత్రమున చాలదు. అట్ట నిగనిగలాడుచుండగనే లోపలి పుటలను చెద తినివేసినట్లు, డిస్కుపై ఫైలు పేరు, పరిమాణము చెక్కుచెదరకున్నను లోపల నొక బిట్టు తారుమారు కావచ్చును. ఆ చెడిన ఫైలునే మనము శ్రద్ధగా మూడుచోట్లకును ఎక్కింతుము. బ్రౌను దొర తెలుగు కావ్యములను ఉద్ధరించినపుడు ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించి శుద్ధప్రతి వ్రాయించెను. ఏ పాఠము సరియైనదో తేల్చుటకు ఆయనకు పాండిత్యము కావలసివచ్చినది. మనకు అంత శ్రమ లేదు. ఫైలు చేరిననాడే షా-256 అను గణనముచే దానికి 64 అక్షరముల ముద్రను వేసి వేరుగా వ్రాసియుంచినచో, లోపల నొక్క బిట్టు మారినను ముద్ర సరిపోలదు, ఏ ప్రతి చెడినదో వెంటనే తేలును. జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైలు వ్యవస్థలు ఇట్టి పరీక్షను తమంతట తామే చేసి, చెడిన దానిని రెండవ డిస్కునుండి సరిదిద్దును గూడ. నెలకొకసారి ఈ తనిఖీ జరుగునట్లు ఏర్పరచుటకు పట్టునది ఒక పూట పని.

ఇంతకంటె కఠినమైనది, ఫైలు చెక్కుచెదరకున్నను చదువరాకపోవుట. 1086 నాటి ఇంగ్లాండు భూముల లెక్కయగు డూమ్స్‌డే గ్రంథమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో బీబీసీవారు దేశమంతటి బడిపిల్లలచే తమ ఊళ్ళను గూర్చి వ్రాయించి, ఆ వ్రాతలను, ఛాయాచిత్రములను లేజరు డిస్కులపై నిక్షేపించిరి. పదునైదేండ్లు తిరుగకమునుపే ఆ డిస్కులను చదువు యంత్రములు దుర్లభములైనవి. లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పూనుకొని పాత యంత్రమును కొత్త కంప్యూటరులో అనుకరింపజేయవలసివచ్చెను. చర్మపత్రములపై వ్రాసిన మూలగ్రంథమునకు మాత్రము ఏ యంత్రముతోను పనిలేకపోయినది.

మనకు అంత దూరమేల? నేను పనిచేసిన పాఠశాలవారు తమ పాత వార్షిక సంచికలను సీడీలలో దాచియుంచిరి. అవి పేజ్‌మేకరులో ‘అను’ ఫాంట్లతో కూర్చినవి. ఫాంటు లేని కంప్యూటరులో తెరచిన, పిల్లల పద్యములు, కథలు ఇంగ్లీషు అక్షరములును చిహ్నములును కలగలిసిన అర్థరహితమైన వరుసలై కనబడినవి. యూనికోడు తొలి కూర్పులోనే, 1991లోనే, తెలుగునకు స్థానము లభించినను, మన ముద్రణాలయములు చిరకాలము పాత దారినే నడచినవి. ఫాంటును తనలోనే ఇముడ్చుకొను పీడీఎఫ్-ఏ అను రూపము 2005లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అది పుటను కంటికి యథాతథముగా చూపును గాని, పాత ఫాంటులోని తెలుగుమాటను వెదకి పట్టీయజాలదు. కావున పుట రూపమును పీడీఎఫ్-ఏగాను, వ్రాతను యూనికోడుగాను, రెంటిని నిలుపవలెనని నా నిర్ణయము. ఈ మార్పిడికి పట్టిన శ్రమ తక్కిన వ్యవస్థకంతటికిని పట్టలేదు.

పేరులను గూర్చి ఒక మాట. ‘న్యూ ఫోల్డర్’, ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అను పేళ్ళుగల ఫైళ్ళ గుట్టను సర్వరనుటకంటె చెత్తకుండీ యనుట న్యాయము. ఏడు, తరగతి, విషయము, అడ్మిషన్ నంబరు, ఇవి పేరులో నున్న చాలును. పిల్లవాని పేరు వేరొక పట్టికలో నుండవలెను. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. చట్టము లేకున్నను మర్యాద యున్నది గదా: పదేండ్ల ప్రాయమున వ్రాసిన తప్పులతడక లోకమునకు కనబడవలెనా వలదా యని చెప్పు హక్కు వ్రాసినవానిదే. అందుచేత పెరిగి పెద్దయైన విద్యార్థి వచ్చి తీసివేయుమన్నచో మూడు ప్రతులనుండియు తీసివేయు మార్గమును గూడ మొదటినాడే రూపొందింపవలెను.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపమొక్కటే. ఇదివరకే మీ బడిలో ఇట్టి సర్వరున్నచో, సెలవులకు ముందొకనాడు పాత ఫైలునొకదానిని పొరుగూరి ప్రతినుండి తెప్పించి, బడికి సంబంధములేని కంప్యూటరులో తెరచి చూడుడు. అది తెరచుకొనకున్నచో కొత్త డిస్కులకై నిధులడుగుట ఆపి, ముందు దాని సంగతి తేల్చుడు.