గిరీశం సులువు, బుచ్చమ్మ కష్టం

ఫ్యాన్ ఫిక్షన్ అనే మాట నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక విన్నాను. మా టీమ్‌లో ఒకమ్మాయి హ్యారీ పాటర్ పాత్రలతో సొంతంగా కథలు రాసేది. ఒకరోజు లంచ్‌లో "నువ్వైతే ఏ పాత్రని రాస్తావు?" అని అడిగింది. "గిరీశం" అన్నాను, తడుముకోకుండా. గిరీశం ఎవరో ఆమెకి చెప్పడానికి అరగంట పట్టింది. చెప్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. ఆ రాత్రే మొదటి కథ రాశాను. అందులో గిరీశం స్టార్టప్ పెడతాడు, వెంకటేశం ఇంటర్న్‌గా చేరతాడు. రెండు గంటల్లో కథ అయిపోయింది.

మాది చీపురుపల్లి. తండ్రి ఉద్యోగరీత్యా గురజాడ అప్పారావు మొదటి చదువు సాగిన ఊరు. తండ్రి పోయాకే ఆయన విజయనగరం చేరాడు. నేను ఇంజినీరింగ్ కోసం అదే దారిలో రోజూ ప్యాసింజర్ రైలెక్కి విజయనగరం వెళ్ళేవాణ్ణి. నాటకం మొదలయ్యే బొంకుల దిబ్బ మాకు పుస్తకంలో చోటు కాదు, కాలేజీ ఎగ్గొట్టిన రోజు తిరిగే చోటు. అందుకేనేమో కన్యాశుల్కం పాత్రలు సొంత మనుషుల్లా అనిపిస్తాయి. సొంత మనుషుల గురించి కథలు అల్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఈ పని మనకి కొత్తేం కాదు. వ్యాసుడి భారతంలో లేని శశిరేఖని మనవాళ్ళు ఎప్పుడో కల్పించుకున్నారు. 1957లో మాయాబజార్ వచ్చాక ఆమె లేని భారతం ఊహించుకోవడమే కష్టమైపోయింది. ఓల్గా 'విముక్త'లో సీత చేత శూర్పణఖని, అహల్యని కలిపించింది. ఇక కన్యాశుల్కం సంగతికొస్తే, ముళ్ళపూడి వెంకటరమణ 'గిరీశం లెక్చర్లు' రాశారు. పురాణం సుబ్రహ్మణ్య శర్మ 'మధురవాణి ఇంటర్వ్యూలు' రాశారు. పెన్నేపల్లి గోపాలకృష్ణ 'మధురవాణి ఊహాత్మక ఆత్మకథ' రాశారు. పేర్లు చూడండి: గిరీశం, మధురవాణి, మళ్ళీ మధురవాణి. నాటకంలో ఇంతమంది ఉండగా అందరి చెయ్యీ ఈ ఇద్దరి మీదకే ఎందుకు పోతుంది? నా చెయ్యి కూడా అటే పోయింది కాబట్టి, నాకు తెలిసిన జవాబు చెప్తాను.

గిరీశాన్ని రాయడానికి రెండే కావాలి: వినే మనిషి ఒకడు, మాట్లాడ్డానికి ఏదో ఒక విషయం. ముళ్ళపూడి ఆయన్ని సినిమాల మీదికి తోలితే అక్కడా అంతే హాయిగా వాగాడు. గిరీశానికి నిన్న అనేది లేదు. పూటకూళ్ళమ్మ ఇంట్లో ఒక మనిషి, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఇంగ్లీషు చెప్పే మేష్టారు, సౌజన్యారావు ముందు సంస్కర్త. ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంటాడు. రచయితకి ఇంతకంటే సుఖమైన పాత్ర దొరకదు.

ఈ సుఖంలోనే తిరకాసు ఉందని మూడో కథకి అర్థమైంది. అసలు నాటకంలో గిరీశాన్ని ఆపేవాళ్ళున్నారు. అతని సంగతంతా తెలిసిన మధురవాణి ఉంది, తెలిశాక మొహమాటపడని సౌజన్యారావు ఉన్నాడు. నా కథల్లో ఆపేవాళ్ళు లేరు. అతను మాట్లాడుతుంటే నేను టైప్ చేస్తూ నవ్వుకుంటూ కూర్చున్నాను. అంటే నేను వెంకటేశాన్నైపోయాను. గిరీశాన్ని ముచ్చటపడి రాసిన ప్రతివాడూ అతని చేతిలో మోసపోయినవాడే. ముళ్ళపూడి తప్పించుకున్నారంటే కారణం, ఆయన గిరీశాన్ని మెచ్చుకోవడానికి రాయలేదు. సినిమావాళ్ళని వెక్కిరించడానికి గిరీశం నోరు అరువు తెచ్చుకున్నారు.

మధురవాణి సంగతి వేరు. ఆమెని వదల్లేనివాళ్ళలో మొదటివాడు గురజాడే. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కం అయిదంకాల నాటకం. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలకి పెరిగింది. ఆ పెరుగుదలలో పెద్ద వాటా మధురవాణిది. పన్నెండేళ్ళ తరవాత రచయితే వెనక్కొచ్చి తన పాత్రని తిరగరాసుకున్నాడు. ఇక అభిమానులని ఏమంటాం? పైగా నాటకం చివర ఆమె వెళ్ళిపోతుంది. తరవాత ఎక్కడుంది, ఎలా బతికింది, గురజాడ చెప్పలేదు. ఆ ఖాళీ చూస్తే ఎవరికైనా రాయాలనిపిస్తుంది.

నేనూ రాశాను. నాటకంలో ఆమెకి ఇరవై ఏళ్ళనుకుంటే, 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చేసరికి డెబ్బై దాటి ఉంటాయి. ముసలి మధురవాణి విశాఖపట్నంలో అరుగు మీద కూర్చుని, ఎవరో పేపరు చదివి వినిపిస్తుంటే ఆ చట్టం సంగతి వింటుంది. ఆలోచన బాగానే ఉందని ఇప్పటికీ అనుకుంటాను. కానీ కథ సగానికొచ్చాక ఆమె లెక్చరివ్వడం మొదలుపెట్టింది. చదువుకుంటే అవన్నీ నా అభిప్రాయాలే, అంతకుముందు నెల నేనే ఎక్కడో పోస్టు పెట్టినవి. మధురవాణితో వచ్చే చిక్కు ఇదే. ఆమె తెలివైనది, ధైర్యం గలది, అందర్నీ గెలిచింది. అలాంటి మనిషి మన పక్షాన మాట్లాడితే బావుణ్ణని మనకి ఆశ. పురాణం వారు ఆమె చేత ప్రశ్నలు అడిగించడం అందుకే తెలివైన పని అనిపిస్తుంది. ప్రశ్నలడిగే మధురవాణి మధురవాణిలాగే ఉంటుంది. ఉపన్యాసమిచ్చే మధురవాణి మాత్రం రాసినవాడిలా ఉంటుంది.

బుచ్చమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది మా మామ్మ.

మామ్మకి చదువు రాదు. ఒక సంక్రాంతి సెలవుల్లో నాలుగు రాత్రులు కూర్చుని ఆమెకి కన్యాశుల్కం చదివి వినిపించాను. అసిరిగాడి మాట వచ్చినప్పుడల్లా మన ఊరోడే అన్నట్టు నవ్వేది. గిరీశానికీ నవ్వింది. కానీ అతను బుచ్చమ్మతో మాటలు మొదలెట్టిన దగ్గర్నుంచీ నవ్వడం మానేసింది. నేను అక్కడా గొంతు మార్చి, చేతులు తిప్పి చదువుతూనే ఉన్నాను. పుస్తకం అయిపోయింది. ఆ ఆఖరి మాటని ఎన్టీఆర్‌లా పలికి, చప్పట్ల కోసం చూసినట్టు చూశాను.

"అయితే ఆ గుంట ఏటైపోనాదిరా?" అంది.

"పూనా పంపించేస్తారు మామ్మా. విధవలకి అక్కడ బడి ఉంటుంది, చదువు చెప్తారు."

"ఆ గుంటనడిగినారా?"

నేను పుస్తకం వెనక్కి తిప్పాను. అడగలేదు. ఆఖరి రంగంలో సౌజన్యారావున్నాడు, మధురవాణి ఉంది, గిరీశం ఉన్నాడు. బుచ్చమ్మ లేదు. ఆమె ఇకమీదట ఎక్కడ బతకాలో నిర్ణయమైపోతున్నప్పుడు ఆమె వేదిక మీదే లేదు. ఎన్నిసార్లు చదివానో లెక్కలేని పుస్తకంలో నాకు కనబడనిది, ఒక్కసారి విన్న మామ్మకి వినబడింది.

అప్పట్నుంచీ నేను రాయాలనుకుంటున్నది బుచ్చమ్మని. ఆమెకి నాటకంలో ఉన్న ఆస్తి చాలా తక్కువ. ముసలాడికి అమ్మితే వాడు పోయాడు. వాడి తరపు భూమి కోసం తండ్రి వేసిన దావా మాత్రం నడుస్తూనే ఉంది. గిరీశం దగ్గర ఆమె చేసే పని వినడం, మధ్యలో ఒక చిన్న మాట అనడం. ఇంతే సరుకు.

మొదటి డ్రాఫ్టులో ఆమె పూనా వెళ్తూ సౌజన్యారావుని నిలదీసింది. చదివితే అది చీర మార్చుకున్న మధురవాణి. రెండోదాంట్లో పుటకీ ఏడుస్తూ కూర్చుంది. అది దండ వేసిన ఫొటో, మనిషి కాదు. మూడోదానికి ముందు కాస్త లెక్కలు చూసుకున్నాను. పండిత రమాబాయి శారదా సదన్ 1889లో బొంబాయిలో మొదలై మరుసటేడు పూనాకి మారింది. అక్కడ చదువుకున్న గోదూబాయి అనే వితంతువుని 1893లో పెళ్ళి చేసుకున్న కర్వే, 1896లో పూనాలోనే వితంతువులకి ఆశ్రమం పెట్టాడు. కాబట్టి గురజాడ చెప్పిన దారి గాల్లో మేడ కాదు, నిజంగా ఉన్న దారే. కానీ ప్రయాణం? మన తీరంలో విజయవాడ నుంచి కటక్ దాకా రైలు లైను వేసింది 1893-96 మధ్య. కథని 1892లో పెడితే ఆమె విశాఖపట్నంలో ఓడెక్కాలి. నాలుగేళ్ళు జరిపితే రైలెక్కొచ్చు. పూనా చేరాక ఆమె చుట్టూ మరాఠీ. కృష్ణారాయపురం అగ్రహారం దాటని పిల్ల దాహమేస్తే నీళ్ళేమని అడుగుతుంది? నాకు కథ మొదలైంది ఈ ప్రశ్న దగ్గర. రాసుకున్న ఉపన్యాసాలన్నీ కొట్టేశాను.

రాస్తూ రాస్తూ గురజాడ మీద ఉన్న కోపం కూడా కొంత తగ్గింది. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ ఊపులో ఇంకెవరైనా ఈ నాటకం రాసుంటే చివర బుచ్చమ్మకీ గిరీశానికీ పెళ్ళి చేసి, బాజాలు వాయించి, తెర దించేవారు. గురజాడ ఆ పెళ్ళి ఆపాడు. గిరీశం లాంటివాడి చేతిలో పెట్టడం కంటే చదువుకి పంపడం మేలని తేల్చాడు. అది పెద్ద మాట. అయినా మామ్మ ప్రశ్న అక్కడే ఉంది: అడిగారా? బుచ్చమ్మని వేదిక మీదికి రప్పించి ఒక్కసారి సరేననిపిస్తే అందరి మనసూ కుదుటపడేది. గురజాడ అనిపించలేదు. అది మరుపో, నిజాయితీయో చెప్పలేను. నా మటుక్కి నిజాయితీ అనే అనుకుంటాను. లేని అంగీకారాన్ని ఆమె నోట్లో కుక్కలేదు.

అందుకే ఇష్టమైన పాత్ర ఏదని ఎవరైనా ఇప్పుడడిగితే గిరీశం అని చెప్పను. మనకి బాగా మాట్లాడేవాళ్ళని మళ్ళీ మాట్లాడించడం మిమిక్రీ. నాకూ వచ్చు, రెండు గంటల పని. ఎవరూ అడగనివాళ్ళ దగ్గరకెళ్ళి, వాళ్ళ జవాబు మనం చెప్పేయకుండా కూర్చోగలగడం వేరే పని. అది నాకింకా పూర్తిగా రాలేదు. బుచ్చమ్మ కథ పదకొండు పేజీల దగ్గర ఆగి ఉంది. అందులో ఆమె ఇప్పటిదాకా అన్నవి ఆరు మాటలు.

మామ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇరవై ఆరేళ్ళకి తాతయ్య పోతే, వాళ్ళన్నయ్య వెళ్ళి ఆమెనీ మా నాన్ననీ బండిలో చీపురుపల్లి తీసుకొచ్చేశాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. నిజంగా గొప్ప పనే. ఆ రోజు బండెక్కేముందు ఆమెని ఎవరైనా అడిగారా అన్నది నాకు తెలీదు. నాలుగు రాత్రులు ఎదురుగా కూర్చుని చదివాను. నేనూ అడగలేదు.