సభ ఎవరి కొరకు? క్రైస్తవ మహాసభల నిర్వహణపై ఒక విమర్శనాత్మక పరిశీలన

సంఘ సభలు ఏర్పాటు చేసేవారి నోట ఈ మధ్య రెండు మాటలు తరచుగా వినబడుతున్నాయి. ఒకటి, సభ పర్యావరణానికి హాని చేయకూడదు. రెండవది, సభలో అందరికీ చోటుండాలి. ఈ రెంటినీ రెండు వేర్వేరు పనులుగా పంచుకోవడం మనకు అలవాటైంది. ఒక కమిటీ ప్లాస్టిక్ సంగతి చూస్తుంది, ఇంకొక కమిటీ వికలాంగుల కుర్చీల సంగతి చూస్తుంది. ఈ విభజన దైవశాస్త్రరీత్యా సరైనది కాదని ఈ వ్యాసం వాదిస్తుంది. రెంటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే: మన సౌకర్యానికయ్యే మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారు?

1. కొరింథు సభ

మొదటి కొరింథీ పత్రిక 11:17-34లో అపొస్తలుడైన పౌలు ఒక కూడికను తీవ్రంగా విమర్శించాడు. అక్కడ ఆయన ఎత్తిచూపిన లోపం కూడిన తీరులో ఉంది. కొందరు ముందుగానే తిని త్రాగి తృప్తిపొందారు, మరికొందరు ఆకలితో మిగిలిపోయారు. ఆలస్యంగా వచ్చినవారు తమ సమయం తమ చేతిలో లేని పనివారు, దాసులు అయి ఉంటారని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయం. 1970లలో గెర్డ్ టైసన్ చేసిన సామాజిక పరిశీలన ఈ చీలిక వెనుక ధనిక, పేద భేదమున్నదని వివరించింది.

ఇక్కడ గమనించదగ్గ విషయమేమిటంటే, పౌలు ఆలస్యంగా వచ్చినవారిని మందలించలేదు. ఒకరికొరకు ఒకరు ఆగమన్నాడు (33వ వచనం). అంటే ముందు వచ్చినవారే తమ వేళను మార్చుకోవాలి. అలా మార్చుకోని కూడికలో తినేది ప్రభువు భోజనమని ఒప్పుకోవడానికి కూడా ఆయన సిద్ధపడలేదు (20వ వచనం). కాబట్టి సభ వేళ కేవలం నిర్వహణకు సంబంధించిన విషయం కాదు. ఆ సభ ప్రభువుదో కాదో తేల్చే విషయం.

2. నీటి గుమ్మము ఎదుట

నెహెమ్యా 8వ అధ్యాయంలోని సభను ఈ దృష్టితో చదవాలి. పురుషులు, స్త్రీలు, గ్రహింపగలవారందరూ కూడుకున్నారు. పఠనం ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు సాగింది. ఎజ్రా కొరకు చేసిన కొయ్యపీఠం, ఆయన గ్రంథం విప్పడం జనులందరికీ కనబడేందుకు తోడ్పడింది. లేవీయులు జనులకు అర్థమయ్యేలా వివరించారు. ఏమీ సిద్ధపరచుకొననివారికి భోజనంలో వంతులు పంపారు. వేళ, వేదిక, భాష, భోజనం అనే నాలుగూ వినేవారి అవసరాన్ని బట్టి నిర్ణయమయ్యాయి.

అయితే ఈ సమాజాన్ని ఆదర్శంగా పూర్తిగా స్వీకరించలేము. ఇదే గ్రంథం 13:1-3లో అన్యజనులను వేరుచేసిన సంగతి కూడా ఉంది. పండుగలో పరదేశిని, తండ్రిలేనివారిని, విధవరాలిని, దాసదాసీలను కలుపుకొనమన్న ద్వితీయోపదేశకాండము 16:14ను దానికి ఎదురుగా పెట్టి చదవవలసి ఉంటుంది.

3. మారమన్ నేర్పే పాఠం

ఈ వెలుగులో మన కాలపు సభ ఒకదానిని పరిశీలిద్దాము. కేరళలో మార్తోమా సంఘీయులు 1895 నుండి పంపా నది ఇసుకతిన్నెపై మారమన్ కన్వెన్షన్ జరుపుతున్నారు. సాధారణంగా ఫిబ్రవరిలో, నదిలో నీరు తగ్గిన కాలంలో, ఆకులు కప్పిన తాత్కాలిక పందిరి క్రింద జరిగే సభ ఇది. శాశ్వత కట్టడం లేకుండా, ఋతువును గౌరవిస్తూ ఇంత పెద్ద కూడికను ఇంతకాలం జరపడం ప్రశంసనీయం.

కాని ఆ పందిరి క్రిందనే రాత్రి కూటాలలో స్త్రీలకు చోటులేని ఆచారం చాలాకాలం కొనసాగింది. 2018లో దానిపై బహిరంగంగా చర్చ జరిగింది. 2019లో సాయంకాల కూటాన్ని తొందరగా మొదలుపెట్టి స్త్రీలు పాల్గొనే వీలు కల్పించారు. గడియారాన్ని మార్చడం పౌలు చెప్పిన మార్గమే. అయితే రాత్రివేళ స్త్రీకి తగదన్న తలంపును ఆ మార్పు ప్రశ్నించలేదు, దాన్ని తప్పుకొని వెళ్ళింది. ప్రకృతి పట్ల మృదువుగా ఉన్న సభ మనుష్యుల పట్ల కూడా దానంతటదే న్యాయంగా ఉంటుందని అనుకోకూడదని దీని ద్వారా గ్రహించవచ్చు.

4. తెలుగు సంఘాల సభలు

మన సభలలో వేదిక ఎత్తే మొదటి సమస్య. చక్రాల కుర్చీకి వాలుదారి వేయాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలన్నది సాధారణ ప్రమాణం. మూడడుగుల వేదికకు 36 అడుగులన్నమాట. కాబట్టి అంత ఎత్తు ఎందుకని ముందుగా అడగాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రజలు ఉపయోగించే భవనాలను నిర్వచిస్తూ మతపరమైన కార్యక్రమాలకు వాడేవాటిని కూడా చేర్చింది. చట్టం ఈ సంగతి గుర్తుచేసేదాకా సంఘం ఆగవలసింది కాదు.

రెండవది భాష. వేదాంత కళాశాలల సదస్సులలో పత్రాలు ఆంగ్లంలో చదివితే, గ్రామ సంఘకాపరి వెనుక వరుసలో మౌనంగా కూర్చొని వెళ్ళిపోతాడు. లేవీయుల పని అక్కడ జరగలేదు. బధిరులకు సంజ్ఞా భాషలో వాక్యం అందించేవారు లేనప్పుడూ అంతే.

మూడవది మిగులు. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ దేశమంతటా నిషిద్ధం. నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు, అందుచేత అవి మన మైదానాలలో మిగులుతూనే ఉన్నాయి. మరునాటి ఉదయం వాటిని ఏరేదెవరు? పారిశుద్ధ్య కార్మికులు. వారిలో అధికులు దళితులు, అనేకులు స్త్రీలు. రాత్రి వాక్యం వినడానికి వీలుపడనివారే తెల్లవారి సభ మురికిని మోస్తున్నారు. పర్యావరణ ప్రశ్న, చోటు ప్రశ్న ఇక్కడ ఒక్కటవుతున్నాయి. అయిదువేలమంది తిన్న తరువాత మిగిలిన ముక్కలు ఏరే పనిని యేసు తన శిష్యులకే అప్పగించాడు (యోహాను 6:12-13). ఆ పనికి ఆయన వేరెవరినీ పిలువలేదు.

చిన్న సంఘాలకు ఇంత ఖర్చు సాధ్యమా అనే అభ్యంతరం న్యాయమైనదే. కాని వేదిక తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది. విస్తరాకులు, స్టీలు గ్లాసులు, నీళ్ళ కుండలు మన పల్లెలకు కొత్త కాదు. కూలి పని ముగించుకొని వచ్చేవారిని అడిగి కూటం వేళ నిర్ణయించడానికి డబ్బు అవసరం లేదు.

ముగింపు

కరపత్రం అచ్చయ్యాక చేసే సర్దుబాట్లు దయగా మాత్రమే కనబడతాయి. అందుచేత తేదీ, వేళ, స్థలం నిర్ణయించే మొదటి కూర్పులోనే కూలికి వెళ్ళే ఒక సహోదరి, వికలాంగుడైన ఒక సభ్యుడు, మైదానం ఊడ్చే ఒక కార్మికురాలు కూర్చోవాలి. వారి మాటకు ప్రసంగీకుని వీలుతో సమానమైన విలువ ఇవ్వాలి. అప్పుడు ఆహ్వాన పత్రికపై 'అందరూ ఆహ్వానితులే' అని మనం వ్రాసే మాట నిజమవుతుంది.