గాంధారం ఏదీ?

హెవీ మెటల్ అనగానే గోల అనేసి తలుపేసుకుంటాం మనం. నాకు మాత్రం ఆ గిటారు మోత వింటే తంబురా గుర్తొస్తుంది. నవ్వకండి! అందులో చాలాసార్లు వినిపించేది ఆధార స్వరమూ, దాని పంచమమే. కాకపోతే తంబురా కదలదు, వీళ్ళ ఆధారం నడుస్తూ ఉంటుంది. బ్లాక్ సబ్బాత్ వారు 1970లో తమ పేరే పెట్టిన పాటలో టోనీ అయోమీ వాయించిన వరస మరీ పిసినారిది: షడ్జమం, పైషడ్జమం, ప్రతిమధ్యమం. అంతే!

మరి గాంధారం? అది సోలో వాయించేవాడే తేల్చుకోవాలి. సాధారణ గాంధారం పట్టాడా, ఖరహరప్రియ ఛాయ. అంతర గాంధారమైతే హరికాంభోజి. అదే మోత, రంగు మాత్రం వేరు. ఇంత స్వేచ్ఛ చేతికిస్తే చాలామంది ఏం చేస్తున్నారు? బస్సు తప్పిపోతుందన్నట్టు స్వరాలన్నీ పరుగున దాటేస్తున్నారు. మా అబ్బాయి దాన్ని ప్రతిభ అంటాడు. నాకది తప్పించుకోవడంలా వినిపిస్తుంది.

1919లో మా విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డు ఒకటి వినండి. కింద శ్రుతి తప్ప ఏ ఆసరా లేదు. ఆ నిడుపాటి కమాను కింద రాగం తొందరపడదు. ఇదీ రాగం అని మనకి తెలిశాకే వేగం.