చేతివేళ్ల చదువు

మిత్రుడు మోజుపడి పాత శాన్ స్టార్మ్ కొన్నాడు. గోవాలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. పటాన్‌చెరులో ముంబై హైవే పక్కన ఓ రేకుల షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ రంగు తళుకులు చూడలేదు. ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. "ఇంజను చల్లారినంక స్టార్ట్ చేస్తెనే అసలు సంగతి తెలుస్తదన్నా" అన్నాడు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దాడు. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టు; పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిల్ తాగుతున్నట్టు.

బాడీ ఫైబర్, తుప్పు పట్టదు. అందుకే టార్చి పట్టుకుని కిందికి దూరాడు. స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్‌ను తట్టుకుంటూ పోయి, శబ్దం మారినచోట ఆగాడు. అక్కడ తుప్పు రాలింది.

పాత బండి కొనేవాళ్లకు ఒక్క మాట: ఇలాంటి చేతిని అడ్వాన్సు ఇవ్వకముందే వెంటబెట్టుకెళ్లండి.