రంగు కింది వెండి

నీ పేరు ఎవరూ అడగరు. రెక్క మీది పసుపును చూస్తారు, తోక పొడుగునా గీసిన ఎర్ర చారను చూస్తారు, ఎండలో ఆ నునుపు చూసి అబ్బ అంటారు. ఆ పసుపుకీ గుడ్డకీ నడుమ ఉన్నదానివి నువ్వు. అల్యూమినియం పొడి కలిసిన బూడిదవన్నె పూతవి, పనివాళ్ల మాటలో వెండి కోటువి. ఆకాశంలోకి ఎగిరే గుడ్డని ఆకాశం నుంచే కాపాడేదానివి. ఈ నాలుగు మాటలూ నిన్ను పొగడడానికే.

నువ్వు పుట్టే చోట్లు గొప్పవేమీ కావు. అమెరికాలో ఇంటి పక్క కారు షెడ్డు, పొలంలో పాతబడ్డ ధాన్యపు కొట్టు, చిన్న విమానాశ్రయంలో అద్దెకి తీసుకున్న రేకుల హ్యాంగరు. అక్కడ ఒక బడిపంతులో రిటైరైన మెకానిక్కో సాయంత్రాలన్నీ పోగుచేసుకుని సొంత విమానం కట్టుకుంటూ ఉంటారు. మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్ అనే పల్లెటూరి మనిషి బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజను బిగించి ఎయిర్ క్యాంపర్‌ని ఎగరేశాడు. ఆ ప్లాన్లు ముందేసుకుని ఈనాటికీ దాన్ని కట్టేవాళ్లున్నారు. పనిలో ఎక్కువ భాగం కట్టుకునేవాళ్లే చెయ్యాలనీ, అదీ నేర్చుకోడానికో సరదాకో చెయ్యాలనీ అక్కడి నిబంధన. ప్రభుత్వ నిబంధనల్లో సరదాకి చోటు దొరకడం అరుదు కదా, అందుకని చెప్పాను.

కర్రతోనో ఉక్కు గొట్టాలతోనో అస్థిపంజరం నిలబడ్డాక గుడ్డ వస్తుంది. పాలిస్టర్ గుడ్డ. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు కనిపెట్టిన పోగు అది; చొక్కాలకీ చీరలకీ వెళ్లినట్టే రెక్కలకీ ఎక్కింది. చదరపు గజం మూడు ఔన్సులు కూడా తూగని ఆ గుడ్డని కాస్త వదులుగా పరిచి, అంచులు జిగురుతో అతికించి, ఇస్త్రీపెట్టె అందుకుంటారు. మొదట 250 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, తర్వాత 300, చివరికి 350. పెట్టె మీది అంకెల్ని నమ్మరు, థర్మామీటరుతో సరిచూసుకుంటారు. వేడి తగిలిన చోటల్లా ముడతలు వాటంతట అవే పోతాయి, గుడ్డ బిగుసుకుంటుంది, వేలితో కొడితే మోగుతుంది. ఆపైన మైనం పట్టిన దారంతో, పొడుగాటి సూదితో, పై గుడ్డనీ కింది గుడ్డనీ రెక్క పక్కటెముకలకి కలిపి కుడతారు. ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి ఒత్తిడి తగ్గుతుంది, గుడ్డ పైకి లేవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఆ ముడులే. కుట్ల మీదా అతుకుల మీదా పళ్ల అంచున్న గుడ్డ పట్టీలు పడతాయి.

రైట్ సోదరుల 1903 నాటి విమానం నిన్ను ఎరగదు. 'ప్రైడ్ ఆఫ్ ది వెస్ట్' అనే మస్లిన్ గుడ్డని ఏ పూతా లేకుండా దానికి తొడిగారు. ఐరిష్ నార గుడ్డలూ నూలు గుడ్డలూ, వాటికి పట్టించే డోపూ తర్వాత వచ్చాయి. పంచెకి గంజి పెట్టినట్టే ఉండేది ఆ పని: నైట్రేట్ డోపు పోగుల్లోకి ఇంకి, ఆరి, గుడ్డని లాగి బిగించేది. నిప్పు సోకితే మాత్రం క్షణం ఆగేది కాదు. బ్యూటిరేట్ డోపు వచ్చాక ఆ మంటగుణం కొంత తగ్గింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ కర్మాగారాల్లో బ్రష్షు పట్టి రెక్కలకి డోపు పూసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. అందులో కలిపే టెట్రాక్లోరోఈథేన్ ఆవిరి వాళ్ల కాలేయాలని తినేసింది. కామెర్లు వచ్చాయి, కొందరు చనిపోయారు. ఆ రెక్కలెక్కి ఎగిరినవాళ్లకి స్మారక చిహ్నాలున్నాయి. గుడ్డకి ప్రాణం పోసి తమ ప్రాణం పోగొట్టుకున్న ఆ పూతపని ఆడవాళ్లకి, నీ స్తుతిలోనైనా ముందు ఒక నమస్కారం.

నీ ఇప్పటి రూపానికి ఊరు అడిగితే కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ చెప్పాలి. అక్కడి ఫ్లాబాబ్ అనే చిన్న విమానాశ్రయంలో రే స్టిట్స్ ఉండేవాడు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 7 అడుగుల 2 అంగుళాలే ఉన్న స్కై బేబీని 1952లో ఎగిరించి చూపించిన మొండివాడు. సొంత విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం ఈఏఏకి మొట్టమొదటి శాఖ 1953లో పెట్టిందీ ఆయనే. పాలిస్టర్ గుడ్డకి నూలుగుడ్డ డోపు సరిపడదని, దానికి తగిన పూతల వరసనే వేరుగా తయారుచేశాడు. ఇవాళ పాలీ-ఫైబర్ అన్న పేరుతో దొరికేది అదే. వినైల్ పూత, ఆరాక కూడా వంగుతుంది, తేలిగ్గా మంట అందుకోదు. గుడ్డని బిగించే బాధ్యత ఇస్త్రీపెట్టెకి వదిలేసి, కాపాడే బాధ్యత పూతకి అప్పగించాడు.

నీకంటే ముందు గులాబీ రంగు వస్తుంది. పాలీ-బ్రష్. ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో కంటికి తెలియాలని దానికి ఆ రంగు. మొదటి కోటు బ్రష్షుతోనే వేస్తారు, పోగు పోగునీ చుట్టుకునేలా. మరీ అదిమితే అవతలికి దిగి రెక్క లోపల కారుతుంది. దాని మీద ఇంకో కోటు స్ప్రే. విమానమంతా కొన్నాళ్లు గులాబీ రంగులో నవ్వు పుట్టించేలా నిలబడి ఉంటుంది.

అప్పుడు నీ వంతు. నేల తడుపుతారు. విమానాన్ని తీగతో భూమికి కలుపుతారు. పొడి గుడ్డని రుద్దితే పుట్టే చిన్న రవ్వ చాలు, ద్రావకం ఆవిరి నిండిన గదికి. ముఖానికి ఆవిర్లని పట్టే మాస్కు, చేతులకి తొడుగులు. కంప్రెసర్ గాలిలో నీటిచుక్క మిగలకుండా ట్రాప్. డబ్బా మూత తీస్తే నువ్వు కనబడవు, అడుగున ముద్దగా కూచుని ఉంటావు. కర్రతో అడుగు గీరి, గీరి, నిన్ను లేపాలి. ఇక్కడ బద్ధకించినవాడు గుడ్డకి పూసేది నిన్ను కాదు, నీ నీళ్లని.

గన్ను గుడ్డకి జానెడు దూరంలో నిటారుగా పట్టాలి. మణికట్టు ఆడించకూడదు, భుజం నుంచి చెయ్యంతా కదలాలి. అంచు దాటాకే ట్రిగ్గరు వదలాలి. ప్రతి వరసా ముందు వరసని సగం కప్పాలి. రెక్క పొడుగునా ఒక కోటు, కాస్త ఆరనిచ్చి వెడల్పున ఇంకోటి. ఈ రెండూ కలిస్తే ఒక క్రాస్ కోటు. అలాంటివి రెండో మూడో. దగ్గరకొస్తే కారతావు. దూరం జరిగితే గాలిలోనే ఆరి గరుకుగా దిగుతావు. ఒక్క దెబ్బతో ముగించాలని దట్టంగా కొడితే, లోపల చిక్కుకున్న ద్రావకం బయటికి వస్తూ ఒళ్లంతా సూదిబెజ్జాలు పొడుస్తుంది. తేమ ఎక్కువున్న రోజున ఇంకో తగాదా. ద్రావకం ఆవిరవుతూ గుడ్డని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని నీరు పూత మీదికి దిగుతుంది, తెల్లటి మసక కమ్ముతుంది. బ్లష్ అంటారు దాన్ని. నెమ్మదిగా ఆరే రిటార్డరు కలిపి దాటేయొచ్చు. నా ఓటు మాత్రం గన్ను కడిగి పెట్టేసి, రేపటిదాకా ఆగడానికే.

నువ్వు పడుతున్న ఆ కొద్ది నిమిషాలు ఎంత అందం! తుంపర వెళ్లిన దారి వెంట గులాబీ ఆరిపోతుంది, తడి వెండి వెలుగుతుంది, పక్కటెముకలు ఒక్కొక్కటిగా తేలతాయి, రెక్క ఒంపు మొదటిసారి నిజంగా కనబడుతుంది. ఆ వెంటనే నీ నిర్దాక్షిణ్యం మొదలు. గులాబీ కప్పిపుచ్చిన ప్రతి బొడిపె, లేచిన ప్రతి పట్టీ అంచు, ఇస్త్రీ తప్పిన ప్రతి చోటు బయటపెడతావు. మెచ్చుకోలు మాటలు నీ దగ్గర ఉండవు. పైగా ఆ తప్పుల్ని దిద్దుకోడానికి నీ ఒళ్లే ఇస్తావు: తడిపిన వాటర్ పేపరుతో రుద్దితే అరిగేది నువ్వు, నునుపయ్యేది రెక్క. ముడుల మీదా పదునైన అంచుల మీదా చెయ్యి తేలాలి, పేపరు గుడ్డ పోగుని తాకకూడదు.

ఇదంతా ఎందుకంటే, పాలిస్టరుకి చెద లేదు, బూజు లేదు, ఎండ ఉంది. కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలు దాని పోగుల్లోని అణువుల గొలుసుల్ని తెంపుతాయి. పూత లేకుండా బయట వదిలేస్తే పైకి కొత్తగానే ఉంటుంది, లాగితే చిరుగుతుంది. నీ అల్యూమినియం పొలుసులు ఒకదాని మీదొకటి పరుచుకుని పడుకుంటాయి, ఆ కిరణాల్ని గుడ్డ దాకా రానివ్వవు. పై రంగు ఎంత ఖరీదైనదైనా ఆ పని నీ అంత బాగా చెయ్యలేదు. నిన్ను పరీక్షించే తీరు కూడా నీకు తగ్గట్టే ఉంటుంది: ఆవిర్లన్నీ పోయాక, హ్యాంగరు చీకటి చేసి, రెక్క లోపల బల్బు పట్టుకుని బయటి నుంచి చూడడం. వెలుగు తొంగిచూస్తే ఇంకో కోటు.

ఆ తర్వాత రంగు. పాలీ-టోన్ వేస్తే ఒద్దికైన మెరుపు. అద్దంలా మెరవాలనుకునేవాళ్లు పాలీయురితేన్ వేస్తారు. అందులోని ఐసోసయనేట్లకి మామూలు మాస్కు చాలదు, బయటి నుంచి గొట్టంలో మంచి గాలి తెచ్చుకుని పీల్చాలి. మెరుపు మీద నాకు పెద్ద గౌరవం లేదు. ప్రతి అదనపు కోటూ బరువు. తోక మీద పడ్డ బరువు గరిమనాభిని వెనక్కి జరుపుతుంది. బ్యాలెన్స్ చేసి బిగించాల్సిన ఎలివేటర్లూ రడ్డరూ ఉంటే పెయింటు తర్వాత మళ్లీ సరిచూడాలి, లేకపోతే వేగంలో అవి అదరడం మొదలుపెడతాయి. అంత మెరుపు కింద నువ్వు పల్చబడి ఉంటే, ఆ రెక్క అందంగా ముసలిదవుతుంది, అంతే.

ఎప్పుడో ఒక రోజు ఎవరి మోచెయ్యో తగిలి, చక్రం ఎగరేసిన రాయి తగిలి గుడ్డ చిరుగుతుంది. గట్టిపడిన పాలీయురితేన్ అయితే గీకి గీకి చావాలి. పాలీ-టోన్ వేసిన రెక్కకి ఆ బాధ లేదు. ఎంఈకే ద్రావకంలో తడిపిన పీలికతో రుద్దితే పసుపు కరిగి వచ్చేస్తుంది, దాని కింద నువ్వు, నీ కింద గులాబీ, దాని కింద గుడ్డ. మాసిక అతికించి మళ్లీ అదే వరస. కొత్త కోటులోని ద్రావకం పాత కోటుని మెత్తబరుస్తుంది, రెండూ కలిసి ఒకే పొర అవుతాయి. గులాబీ అయింది, నువ్వూ పడ్డావు, ఒక క్రాస్ కోటు, రెండు. పసుపు డబ్బా మూత అప్పుడే తీయకండి, ఆ బల్బు ఇలా ఇవ్వండి ముందు.