కానుక ప్రతులు: వెలయు, విలువయు

వెల పుచ్చుకొనక పంచిపెట్టఁబడిన పుస్తకమునకుఁ గాలక్రమమున వేలములోఁ బెద్ద వెల పలుకుట గ్రంథసంగ్రహణ చరిత్రమందలి వింతలలో నొకటి. ప్రకాశకులు క్రొత్త పుస్తకమును లోకమునకుఁ దెలుపుటకై దానిని ముందుగాఁ గొలఁది ప్రతులు అచ్చువేయించి విమర్శకులకును, పుస్తకవిక్రేతలకును ఉచితముగాఁ బంపుదురు. ముద్రాపకులు తమ పనితనమును జూపుటకై పండుగనాఁడు మిత్రులకు నొక పుస్తకమును గానుక యిత్తురు. పఠనాభిరుచిని బెంపొందించుటకై యూరూరను బంచిపెట్టు ప్రతులును గలవు. వీనినన్నిటిని గలిపి కానుక ప్రతులనవచ్చును. ఇట్టివి సంగ్రహింపఁదగినవా, తగినవైనచో వీని విలువను దేనినిబట్టి నిర్ణయింపవలయును, అను విషయమున గ్రంథసంగ్రాహకులలో భిన్నాభిప్రాయములు గలవు.

ఒక పక్షమువారి వాదమిది: అంగడికెక్కిన పుస్తకమును ధనమున్న వాఁడెవఁడైనను గొనఁగలఁడు, కానుక ప్రతి యన్ననో కొలఁదిమందికే చేరినది. పైఁగా విమర్శకులకుఁ బంపిన ప్రతి విక్రయార్థమైన మొదటి కూర్పుకంటెను ముందుగా వెలువడినది. కావున నరుదగుటచేతను, ముందగుటచేతను అదియే శ్రేష్ఠము. రెండవ పక్షమువా రిందుల కొప్పుకొనరు. అమ్మకమునకు రానిది ప్రచురణమే కాదనియు, అది యొక విధమైన ప్రకటన పత్రమనియు, ఇన్ని ప్రతులే వేయుదుమని ప్రకాశకుఁడు తనంతఁ దాను గీచుకొన్న గీఁత వలనఁ గలిగిన కొఱఁత నిజమైన కొఱఁత కాదనియు వారి మతము. పరిశీలించి చూచినచో రెండు పక్షములును విశేషముగా సంఖ్యనే లెక్కించుచున్నవి. మొదటివారు సంఖ్యను నమ్ముచున్నారు. రెండవవారు దానిని శంకించుచున్నారు. ప్రతి లోపల నేమున్నదను ప్రశ్న యిరువురి వాదములోను వెనుకఁబడినది.

ఈ విషయమునకు షికాగో నగరమందలి యొక గ్రంథమాల మంచి యుదాహరణము. ఆర్. ఆర్. డానెలీ అను ముద్రణ సంస్థ 1903లో లేక్‌సైడ్ క్లాసిక్స్ అను పేర నొక మాలను బ్రారంభించి, ఏఁటేఁటఁ గ్రిస్మసు పండుగకు నొక్కొక్క సంపుటమును దన యుద్యోగులకును, వ్యాపారమిత్రులకును గానుకగా నిచ్చుచు వచ్చెను. అంగడిలో దాని నమ్మలేదు. యంత్రముతో నచ్చువేసి కట్టిన పుస్తకము గూడ మితవ్యయముతోనే సొంపుగా నుండఁగలదని చూపుట యా సంస్థ యుద్దేశము. మొదటి యిరువదియైదు సంపుటములకు నాకుపచ్చ యట్టయు, తరువాతి యిరువదియైదింటికి నెఱ్ఱ యట్టయు, ఆపై నీలపుటట్టయు వేసిరి. వరుస పూర్తిచేయఁగోరు సంగ్రాహకులకుఁ దొలి సంపుటములు దొరకుట కష్టము. కాన వానికి వెల హెచ్చు.

అయితే యా తొలి సంపుటము బెంజమిన్ ఫ్రాంక్లిను స్వీయచరిత్రము. ఆ గ్రంథము లెక్కకు మిక్కిలి కూర్పులలో దొరకును. దాని పాఠమును గోరువాఁడు లేక్‌సైడ్ సంపుటమునకై వెదకనక్కఱలేదు. ముద్రణకళా చరిత్రకారునికి మాత్ర మది ముఖ్యము. ఒకే యచ్చుకూటము, ఒకే పరిమాణమున, ఒకే యుద్దేశముతో దశాబ్దములు చేసిన పని యంతయు వరుసగాఁ గనఁబడుట యరుదు. ఇఁక 1916 మొదలు మైలో మిల్టన్ క్వైఫ్ సంపాదకత్వమున వెలువడిన సంపుటములు వేఱు తెఱఁగువి. అమెరికా పడమటి సీమలకుఁ దరలిపోయిన తొలినాఁటివారి స్వానుభవ కథనములను, మరుగునఁబడినవానిని, పీఠికలతో నందు బునర్ముద్రించిరి. వీనికిఁ బాఠమునఁగూడ విలువ గలదు. కాఁగా నొక్క మాలలోనే వెల యెక్కువగా నున్నచోట విలువ యొక విధమైనదియు, వెల తక్కువగా నున్నచోట మఱియొక విధమైనదియు నగుచున్నది. సంఖ్యను మాత్రమే చూచువారి కీ భేదము కానరాదు.

విమర్శకులకుఁ బంపెడి ప్రూఫు ప్రతుల విషయమున నీ తారతమ్య మింకను స్పష్టముగాఁ దెలియును. జె. కె. రౌలింగ్ రచించిన హ్యారీ పాటర్ కథలలో మొదటిది 1997 జూన్ 26వ తేదీని లండనులో బ్లూమ్స్‌బరీవారు ప్రచురించిరి. గట్టి యట్ట గల తొలి ముద్రణము 500 ప్రతులు. అందు సుమారు 300 గ్రంథాలయములకుఁ జేరినవి. అంతకుఁ బూర్వమే 200 ప్రూఫు ప్రతులను వేసి యుచితముగాఁ బంచిరి. సంఖ్యయే ప్రమాణమైనచో 200 వేసినది 500 వేసినదానికంటె నెక్కువ పలుకవలయును. ముందు వచ్చుటయే ప్రమాణమైనను అంతే. కాని జరిగినది వేఱు. తొలి ముద్రణపుఁ బ్రతి యొకటి 2021 డిసెంబరులో నమెరికా వేలమున 4,71,000 డాలర్లకు నమ్ముడువోయెను. ప్రూఫు ప్రతుల వెల యా దరిదాపులకైనను రాలేదు. లోకము పుస్తకమును మొట్టమొదటఁ జేతికెత్తుకొన్న రూపమునే కొనువారు ప్రేమించిరని దీనివలనఁ దెలియుచున్నది.

అంతమాత్రమునఁ బ్రూఫు ప్రతి నిరర్థకమని తలఁపరాదు. దాని ముఖపత్రమున రచయిత్రి పేరు జె. కె. అనుటకు మాఱుగా జె. ఏ. రౌలింగ్ అని తప్పుగా నచ్చుపడినది. ఆమెకు జన్మతః రెండవ పేరు లేదు. స్త్రీ వ్రాసిన పుస్తకమని తెలిసినచో బాలురు చదువరేమో యను శంకతోఁ బ్రకాశకులు పొడియక్షరములు వాడుమనఁగా, పితామహి పేరగు కాథ్లీనునుండి ‘కె’ అను నక్షరమును గ్రహించెను. కోట్లకొలఁది పాఠకులకుఁ బిమ్మట సుపరిచితమైన యా పేరు తన ముఖపత్రముమీఁదనే యింకను గుదురుకొనని దినములకుఁ బ్రూఫు ప్రతి సాక్ష్యము. ఈ సాక్ష్యమును మఱి యే కూర్పును జెప్పఁజాలదు. ప్రూఫు విలువ యిక్కడ నున్నది కాని, 200 అను నంకెయందు లేదు.

కొఱఁతకు వ్యతిరేకమైన కానుకయును గలదు. 2011 మార్చి 5వ తేదీని బ్రిటనులోను, ఐర్లండులోను వరల్డ్ బుక్ నైట్ అను పేర 25 గ్రంథములను బ్రత్యేకముగా నచ్చువేయించి, యిరువదివేలమంది స్వచ్ఛందముగా నొక్కొక్కరు 48 ప్రతుల చొప్పునఁ బంచిరి. తక్కిన యేర్పాట్లతోఁ గలిపి మొత్తము పది లక్షలు. వీనిని సంగ్రాహకులు లక్ష్యపెట్టకపోవుట సహజము. అయినను నట్టి ప్రతిలో నిచ్చినవారి మాటయో, పుచ్చుకొన్నవారి చేవ్రాఁతయో నిలిచియున్నచో, పఠన చరిత్రమును వ్రాయువానికి నది ముట్టనైన ముట్టక బీరువాలో దాఁచిన ‘పరిమిత ప్రతి’ కంటె నెక్కువ చెప్పును. ప్రకటనార్థమైన కానుక చదువఁబడుటకే పుట్టినది. మడత చెదరని ప్రూఫు ప్రతికి వెల హెచ్చు పలుకునేమో గాని, యట్టి ప్రతి తన పని చేయలేదనుట నిశ్చయము.

సంఖ్యను, ‘విక్రయార్థము కాదు’ అను ముద్రను గన్నుమూసి నమ్మినచోఁ గలుగు నపాయము మఱియొకటి కలదు. థామస్ జె. వైజ్ అను నాంగ్లేయుఁడు తన కాలమున గ్రంథవివరణ శాస్త్రమునకుఁ బెద్దగా మన్ననలందినవాఁడు. మిత్రులకుఁ బంచుటకై వెనుకటి కవులు రహస్యముగా నచ్చువేయించినవని చెప్పి పెక్కు చిన్న పుస్తకములను వాడుకలోనికిఁ దెచ్చెను. వానిలో నెలిజబెత్ బ్రౌనింగు ప్రేమగీతములు 1847లో రెడింగు పట్టణమున నచ్చుపడినట్లును, ప్రకటనార్థము కానట్లును గల ప్రతి ప్రసిద్ధము. 1934లో జాన్ కార్టర్, గ్రేహమ్ పొలార్డ్ అను నిరువురు పరిశోధకులు వాని కాగితమును, అక్షరపు మూసలను బరీక్షించిరి. రెడింగు ప్రతిలోని రసాయన సంస్కృతమైన కొయ్యగుజ్జు కాగితము 1874కుఁ బూర్వ మింగ్లండున వాడుకలో లేనిది! ఈ పుస్తకములను నమ్మి కొన్నవారిలో రెన్ అను షికాగో సంగ్రాహకుఁ డొకఁడు. అతని గ్రంథాలయము 1918లో టెక్సాసు విశ్వవిద్యాలయమునకుఁ జేరెను. అరుదనుటకు మించిన ప్రమాణమును సంగ్రాహకు లడిగియుండినచో నీ మోస మంతకాలము నిలిచెడిది కాదు.

తెలుఁగు గ్రంథపరిష్కర్తల కీ న్యాయము క్రొత్తది కాదు. సి. పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకుఁ బెక్కు వ్రాఁతప్రతులను సేకరించి పండితులచేఁ బాఠములను సరిచూపించెను. ఆ తాళపత్ర ప్రతు లరుదైనవని మాత్రమే కాదు, ఒకదానిలో లేని పాఠము వేఱొకదానిలో నున్నదని వాని నాదరించిరి. కానుక ప్రతిని జూచునపుడును నడుగవలసిన ప్రశ్నలు ఇవియే: విక్రయార్థమైన కూర్పునకును దీనికిని బాఠమున భేదమేమి? ఎవరు, ఎవరికి, ఎందుల కిచ్చిరి? పుచ్చుకొన్నవారు చదివిరా? కాగితమును, అచ్చును ముఖపత్రమందలి తేదీకి సాక్ష్యమిచ్చుచున్నవా? వీనికి సమాధానము చెప్పఁగల ప్రతి వేయింటిలో నొకటియైనను దాఁచఁదగినదే. చెప్పఁజాలనిది ప్రపంచమున నొక్కటే యైనను వింతవస్తువు మాత్రమే.

ఇందువలనఁ గ్రంథాలయములకుఁ గొంత కర్తవ్య మేర్పడుచున్నది. ప్రచురిత ప్రతి చేతికందఁగానే ప్రూఫు ప్రతిని జిత్తుకాగితములలోఁ బాఱవేయుట తగదు. అందు రచయిత తుదిదాఁకఁ జేసిన మార్పులు దాఁగియుండవచ్చును. దానితోఁగూడ వచ్చిన ప్రకాశకుల చీటిని, అందిన తేదీని, చదివినవారి గుర్తులను జెఱుపక పట్టికలోఁ జేర్పవలయును. ఇట్టి ప్రతులు పలుచని యట్టలతోఁ గొన్నినాళ్ల వాడుకకై చేయఁబడినవగుటచే శీఘ్రముగా శిథిలమగును. కాన నాలస్యము కూడదు. సంఖ్యయే చూచి హెచ్చు వెల యిచ్చుటకంటె నా ధనమును బ్రతులను సరిపోల్చి చూచు పండితుని శ్రమకు వెచ్చించుట మేలు. వెల కొనువాని కోరికనుబట్టి హెచ్చును, తగ్గును. ప్రతి చెప్పు సాక్ష్యము మాత్రము దానిని జదువువాఁడున్నంతకాలము నిలుచును.