పాత్ర లేని వేషం: జపాన్ ‘విజువల్ కేయ్’ సంగీతంలో ఆహార్యం

జపాన్ రాక్ సంగీతంలో 1980ల చివర రూపుదిద్దుకొన్న ‘విజువల్ కేయ్’ ధోరణిని గురించిన చర్చ సాధారణంగా వేషధారణను వర్ణించడంతోనే ముగుస్తుంది. నిటారుగా ఎగదువ్విన రంగు జుట్టు, తెల్లని ముఖలేపనం, నల్లని కనురేఖలు, లేసు అంచుల గౌనులు. వీటిని ధరించినవారు పురుషులు కనుక కబుకీలోని ‘ఒన్నగతా’ సంప్రదాయానికి ఇది కొనసాగింపనడం పరిపాటి. ఈ పోలిక సులభంగా తడుతుంది. అందుకే దీనిని పరీక్షించవలసి ఉంది.

1629లో కబుకీ రంగస్థలంపై స్త్రీలను నిషేధించిన దరిమిలా స్త్రీ పాత్రలు పురుషుల పరమయ్యాయి. అక్కడ వేషం వెనుక కథ ఉంది, పాత్ర ఉంది. కూచిపూడి భామవేషమూ అటువంటిదే. నటుడు మరుగై సత్యభామ మిగులుతుంది. మాలిస్ మిజేర్ బృందపు గిటారు వాద్యకారుడు మానా స్త్రీవేషంలో వేదికనెక్కినప్పుడు మాత్రం ఏ పాత్రనూ ధరించలేదు, మానాగానే నిలిచాడు. బహిరంగంగా గొంతు విప్పకపోవడం అతని నియమం. వాచికం తొలగిపోగా, చతుర్విధాభినయాలలో ఒకటైన ఆహార్యం పాత్రకు అలంకారంగా గాక తానే అర్థమై నిలిచింది.

ధోరణి పేరు కూడా ఈ విషయాన్నే సూచిస్తుంది. ఎక్స్ బృందం 1989 నాటి ‘బ్లూ బ్లడ్’ ఆల్బమ్‌పై ముద్రించిన నినాదంలోని ‘విజువల్’ అన్న మాటే దీనికి మూలమని చెబుతారు. ‘కేయ్’ అంటే తరహా, వర్గం. ఎక్స్ వాయించినది వేగవంతమైన మెటల్, పియానో ప్రధానమైన విషాదగీతాలు. మాలిస్ మిజేర్ యూరోపు శాస్త్రీయ సంగీతపు ఛాయలను ఆశ్రయించింది. ఈ వర్గాన్ని చెవితో గుర్తించడం కష్టం, కన్నే గుర్తించాలి.

కంపెనీ ఉద్యోగి ధరించే ముదురు రంగు సూటుపై తిరుగుబాటుగా దీనిని వ్యాఖ్యానించడం కొంతవరకే సబబు. ఆ తిరుగుబాటును రికార్డు కంపెనీలు, సచిత్ర పత్రికలు లాభసాటిగానే అమ్ముకొన్నాయి. అసలు సామాజికార్థాన్ని వేదికపై కంటే ప్రేక్షకులలో వెతకాలి. అభిమానులలో అధికులు యువతులు. 1998 మేలో ఎక్స్ గిటారిస్టు హిదే మరణించినప్పుడు త్సుకిజీ హోంగన్‌జీ ఆలయానికి వేలాదిగా తరలివచ్చినవారిలోనూ వారే ఎక్కువ. సెలవు దినాలలో టోక్యోలోని హరజుకు వంతెనపై గుమిగూడిన అమ్మాయిలు తమ అభిమాన కళాకారుల వేషాలే వేసుకొన్నారు. స్త్రీ దుస్తులు ధరించిన పురుషుణ్ణి స్త్రీ అనుకరించడం విచిత్రంగా తోచవచ్చు. ఆ చుట్టుమార్గంలో ఆమెకు దక్కిన స్త్రీత్వం ఇల్లు, బడి, కార్యాలయం ఆమెకు నిర్దేశించినది కాదు.

ఈ స్వేచ్ఛకు వేదిక అంచే హద్దయింది. వాద్యాలు చాలాకాలం పురుషుల చేతుల్లోనే ఉన్నాయి. 2003లో ఏర్పడిన ఎగ్జిస్ట్ ట్రేస్‌లో సభ్యులందరూ స్త్రీలే. ఆ బృందాన్ని ప్రస్తావించేవారు ‘స్త్రీల బృందం’ అన్న విశేషణాన్ని తప్పక చేరుస్తారు. ఎక్స్‌ను ఎవరూ ‘పురుషుల బృందం’ అని పరిచయం చేయరు.